కుంచె పట్టు చిక్కని పిల్లలకు బొమ్మలు ఎలా నేర్పాలి?

ప్రశ్న (టీచరు, కావలి మండలం):
మూడో తరగతి బాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి). వేళ్లు బిగుసుకుపోతాయి, కాగితం జారిపోతుంది. పక్కనే చూపులేని పాప. డ్రాయింగ్ పీరియడ్‌లో వాళ్లను ఊరకే కూర్చోబెట్టడం నాకు మనస్కరించడం లేదు. ఏం చేయించాలి?

జవాబు (ప్రత్యేక విద్య టీచరు, ఒంగోలు):
కాగితం మూలలకు టేపు అంటించండి మేడమ్. కుంచె కాడకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుడితే లావెక్కుతుంది, జారదు. పాపకు ఫెవికాల్‌తో గీత గీసి, తడి మీద ఇసుక చల్లి ఆరనివ్వండి, వేలితో వెంబడిస్తుంది. చేయి పట్టుకుని మీరే గీసేయకండి, అది మీ బొమ్మవుతుంది!

జవాబు (ఒక తల్లి, ఉదయగిరి):
పసుపు రంగులో కాస్త వంటపసుపు, గోధుమ రంగులో కాఫీపొడి కలపండి. మా అమ్మాయి వాసన చూసి రంగు చెబుతుంది.

టీచరు:
సముద్రం పక్కన ఉన్నాం, ఇసుకకు కరువా! టేపు మాత్రం కొనాలి.