ఆక్లాండ్‌లో హైస్కూల్ బోర్డు: కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఖమ్మం నుంచి గత నెలలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు వచ్చాము. మా అబ్బాయిని ఇంటి జోన్‌లో, అంటే మా ఇల్లు ఏ బడి పరిధిలోకి వస్తుందో ఆ పరిధిలో, ఉన్న ప్రభుత్వ కాలేజీలో ఇయర్ 9లో చేర్పించాము. బడి బోర్డులో తల్లిదండ్రుల స్థానం ఒకటి ఖాళీ అయిందని, ఆసక్తి ఉన్నవారు తెలియజేయాలని నిన్న ఈమెయిల్ వచ్చింది. వర్క్ వీసా మీద ఉన్న మాలాంటి వారికి ఇది సంబంధించిన విషయమేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

సోదరా, ఆ ఈమెయిల్‌ను పక్కన పెట్టవద్దు. కాలేజీ అన్న పేరు చూసి మన ఇంటర్ కాలేజీ అనుకోకూడదని మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. ఇక్కడ ఇయర్ 9 నుంచి 13 వరకు ఉండే హైస్కూళ్లు చాలావాటికి ఆ పేరే ఉంటుంది. బోర్డు అన్న మాటతోనూ అదే చిక్కు. మనకు బోర్డు అంటే పరీక్షలు పెట్టి ఫలితాలు ప్రకటించే సంస్థ. ఇక్కడ మాత్రం సాధారణంగా ప్రతి ప్రభుత్వ బడికీ దానిదే అయిన బోర్డు ఒకటి ఉంటుంది. ప్రిన్సిపాల్‌ను నియమించేది, ఉపాధ్యాయులకు చట్టరీత్యా యజమానిగా ఉండేది, బడి రాబోయే సంవత్సరాల్లో ఏ దారిన నడవాలో నిర్ణయించేది ఆ బోర్డే. ఉపాధ్యాయుల జీతాలను ప్రభుత్వం నేరుగా చెల్లిస్తుంది. రోజువారీ నిర్వహణకు వచ్చే గ్రాంటును ఎలా ఖర్చు పెట్టాలో బోర్డు తేలుస్తుంది.

ఈ ఏర్పాటు 1989లో అప్పటి ప్రధాని డేవిడ్ లాంగీ ప్రభుత్వం తెచ్చిన సంస్కరణతో వచ్చింది. సెకండరీ బడులకు అంతకు ముందు కూడా గవర్నర్ల బోర్డులు ఉండేవి కానీ, ఇంత అధికారాన్ని తల్లిదండ్రులు ఎన్నుకున్నవారి చేతిలో పెట్టింది ఆ సంస్కరణే. మామూలుగా ఐదుగురు తల్లిదండ్రుల ప్రతినిధులు, ప్రిన్సిపాల్, సిబ్బంది ఎన్నుకున్న ఒకరు ఉంటారు. హైస్కూల్ కనుక విద్యార్థుల ప్రతినిధి కూడా ఒకరు ఉంటారు. ఆ ఎన్నిక ఏటా సెప్టెంబరులో జరుగుతుంది, ఇయర్ 9 పిల్లవాడిగా మీ అబ్బాయికి కూడా అందులో ఓటు ఉంటుంది. పదమూడేళ్ల పిల్లవాడు తన బడి పాలనలో ఓటు వేయడం నాకు ఇప్పటికీ అపురూపంగానే అనిపిస్తుంది.

మన దగ్గర ఇలాంటివి లేవని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే బడుల నిర్వహణలో సమాజ భాగస్వామ్యం కోసం చట్టం చేశారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చెప్పింది. అయితే ప్రధానోపాధ్యాయుడిని నియమించే అధికారం ఆ కమిటీలకు లేదు. పైగా మనలో చాలామందిమి ప్రైవేటు బడుల్లో ఫీజు కట్టి, గేటు దగ్గరే ఆగిపోయిన తల్లిదండ్రులం. ఆ అలవాటును ఇక్కడికీ మోసుకొస్తాం. నేను మోసుకొచ్చాను. మొదటి ఎన్నిక కాగితాలు ఇంటికి వచ్చినప్పుడు, ప్రకటన కాగితాలనుకుని పారేశాను.

ఆ తరువాత మరో పొరపాటు చేశాను. మా అమ్మాయిని లెక్కల్లో కింది స్థాయి తరగతిలో వేశారని బాధపడి, గుడిలో కలిసిన ఒక బోర్డు సభ్యుడికి చెప్పుకున్నాను. ఆయన ఓపికగా విని, అది ముందు సబ్జెక్టు టీచరుతో, ఆ పైన ఆ ఇయర్‌కు బాధ్యత చూసే డీన్‌తో మాట్లాడవలసిన విషయమని, ఒక్కొక్క పిల్లవాడి సంగతిలో బోర్డు సభ్యులు చేయి పెట్టకూడదని చెప్పారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. తెలిసినవారి చేత పని చేయించుకునే పద్ధతి మొదలైతే, తెలిసినవారు లేని పిల్లలు ఏమవుతారన్నది ఆలోచించుకున్నాక ఆయన చేసిందే సరైనదని అర్థమైంది.

రెండవ జవాబు

పైన అన్నయ్య గారు చెప్పినదానికి కొంత చేరుస్తాను. నేను ఒక హైస్కూల్ బోర్డులో ఒక దఫా, అంటే మూడేళ్లు పనిచేశాను. సభ్యులు కావడానికి పౌరసత్వం గానీ పర్మనెంట్ రెసిడెన్సీ గానీ ఉండాలన్న నియమం లేదు. దేశంలో చట్టబద్ధంగా ఉంటే మీ వీసా అడ్డు కాదు. దివాలా తీసినవారు, తీవ్రమైన నేరాలకు శిక్ష పడినవారు వంటి కొందరికి మాత్రం అర్హత ఉండదు. మధ్యలో ఖాళీ అయిన స్థానాన్ని బోర్డు తానే ఎంపిక చేసి నింపవచ్చు. అలా చేయబోతున్నట్టు ప్రకటించాక 28 రోజుల్లో ఓటర్లలో 10 శాతం మంది కోరితే ఉప ఎన్నిక జరపాలి. మీకు వచ్చిన ఈమెయిల్ ఈ రెండింటిలో దేని గురించో బడి ఆఫీసులో అడగండి.

ఇంగ్లీషు గురించి భయపడవలసిన పని లేదు. నాకు కష్టమైనది భాష కాదు, సమావేశానికి ముందు వచ్చే కాగితాలన్నీ, ముఖ్యంగా బడ్జెట్ నివేదికలు, చదివి వెళ్లడం. చదవకుండా వెళ్లిన రోజున నోరు విప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇంకొక సంగతి నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆరోగ్య విద్యలో (లైంగిక విద్య కూడా ఇందులో భాగమే) పిల్లలకు ఏమి చెప్పాలన్న దానిపై బోర్డు కనీసం రెండేళ్లకు ఒకసారి తల్లిదండ్రులను సంప్రదించాలని చట్టంలోనే ఉండేది. నేను ఉన్న కాలంలో ఆ ప్రశ్నావళి పంపినప్పుడు మన తెలుగువారి నుంచి దాదాపు జవాబులే రాలేదు. తరువాత అదే పాఠాల మీద మన వాట్సాప్ గ్రూపుల్లో నెలల తరబడి ఆవేదన నడిచింది. ఆ ఆవేదనలో నాలుగు వాక్యాలు ప్రశ్నావళిలో రాసి ఉంటే, మేము వాటిని బల్ల మీద పెట్టి చర్చించి ఉండేవాళ్లం.

ఇప్పుడే పేరు ఇవ్వడానికి సంకోచంగా ఉంటే ముందుగా ఒక సమావేశానికి వెళ్లి కూర్చోండి. వ్యక్తిగత విషయాలు వచ్చినప్పుడు బయటివారిని పంపిస్తారు గానీ, మిగిలినదంతా బహిరంగమే. అనుమతి లేకుండా మాట్లాడలేరు, వినవచ్చు. తేదీలు ఆఫీసులో చెబుతారు. మీ ఆవిడను కూడా తీసుకువెళ్లండి. ఎన్నిక వస్తే తల్లికీ తండ్రికీ విడివిడిగా ఓటు ఉంటుంది.