అందరూ వాడాల్సిన ప్రమాణంలో పేటెంటు ఉంటే రాయల్టీ ఎవరు కట్టాలి?

బోరు_స్టార్టర్ (రేణిగుంట):
మాది చిన్న యూనిట్. బోరు మోటార్లకు సెల్ స్టార్టర్లు చేస్తాం. రైతు ఇంటి దగ్గర్నుంచి ఫోన్ కొడితే పొలంలో మోటారు ఆన్ అవుతుంది. ఇన్నాళ్లూ 2జీ మాడ్యూల్ (సిమ్‌తో టవర్‌కు కలిపే చిన్న కార్డు) వేసేవాళ్లం. జియో సిమ్ పెట్టుకునే రైతుకు అది పనికిరాదు కాబట్టి ఇప్పుడు 4జీకి మారాం. మొన్న ఒక పెద్ద కొనుగోలుదారు పంపిన అగ్రిమెంటులో, పేటెంటు గొడవ ఏదొచ్చినా నష్టమంతా సరఫరాదారే భరించాలని రాశారు. అంటే నేనే. 4జీ నేను కనిపెట్టలేదు, మాడ్యూలూ నేను చేయలేదు. పోనీ వేరే పద్ధతిలో టవర్‌తో మాట్లాడదామంటే కుదరదు. కొండకు బండి పోవాలంటే అలిపిరి గేటు దాటాల్సిందే కదా, ఇదీ అంతే. 4జీలా అందరూ తప్పనిసరిగా వాడాల్సిన ప్రమాణంలో, అంటే ఉమ్మడి సాంకేతిక పద్ధతిలో, పేటెంటు ఉంటే దాన్ని ఉచితంగా వదిలేయాలని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

టవరు_తాత (చిత్తూరు):
నేను కాదంటాను నాయనా. టెలికాంలోనే పనిచేసి రిటైరయ్యాను. 4జీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏళ్ల తరబడి ఇంజినీర్లను పెట్టుకుని, ప్రయోగాలు చేసి, ఆ ఫలితాన్ని ప్రమాణాల కమిటీలో అందరి ముందూ పెట్టారు. రాయల్టీ రాదంటే ఎవడు పెడతాడు? తన పెట్టెలోనే దాచుకుంటాడు. అప్పుడు ఒక కంపెనీ ఫోన్ ఇంకో కంపెనీ టవర్‌కు పనిచేయదు. మనవాళ్లూ ఖాళీగా లేరు. హైదరాబాద్, మద్రాస్ ఐఐటీల పనితో వచ్చిన 5జీఐ పద్ధతిని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 2020లో ఒప్పుకుంది. పల్లెల్లో ఒక్కో టవర్ ఎక్కువ దూరం అందాలని చేసింది అది. తర్వాత అంతర్జాతీయ 5జీ ప్రమాణంలో కలిపేశారు. రేపు మన ఐఐటీకి పేటెంటు మీద నాలుగు రూపాయలు వస్తే వద్దంటావా?

లైనక్సు_తిరుచానూరు:
తాతగారూ, రాయల్టీ లేకపోతే ఎవరూ పెట్టరనేది నిజం కాదు. వెబ్‌ను, అది పుట్టిన యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ 1993లో ఎవరైనా వాడుకోమని వదిలేసింది. వెబ్ ప్రమాణాలు చేసే డబ్ల్యూ3సీ, రాయల్టీ లేని పేటెంట్లనే తీసుకుంటామని 2004లో నియమం పెట్టుకుంది. అందులో పెద్ద పెద్ద కంపెనీలూ సభ్యులే, పారిపోలేదు. గిఫ్ బొమ్మల వెనకున్న కుదింపు పద్ధతి మీద పేటెంటు ఉందని యూనిసిస్ అనే కంపెనీ డబ్బులడిగితే జనం పీఎన్‌జీ అనే వేరే బొమ్మల ఫార్మాట్ తయారుచేసుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2010లో ఈ-గవర్నెన్స్‌కు తెచ్చిన విధానం కూడా, తీసుకునే ప్రమాణం రాయల్టీ లేకుండా దొరకాలనే చెప్పింది. అలాంటిది దొరక్కపోతేనే సడలింపు.

టవరు_తాత:
వెబ్ వాళ్లకు ఇంకోచోట ఆదాయం ఉంది బాబూ: ప్రకటనలు, సర్వర్లు, సాఫ్ట్‌వేర్. రేడియో మీద పరిశోధన చేసేవాడు, ముఖ్యంగా ఫోన్లు అమ్మనివాడు, దేని మీద బతకాలి? ఆఫీసు ఫైళ్ల ఫార్మాట్‌కు పెట్టిన నియమం తెచ్చి టవర్‌కు తగిలించొద్దు.

కోర్టు_రోడ్డు (తిరుపతి):
ఇద్దరూ ఉచితమా కాదా దగ్గరే ఆగిపోయారు. మన కోర్టుల్లో ఆ ప్రశ్న ఎప్పుడో దాటిపోయింది. ప్రమాణంలో పేటెంటు పెట్టినవాళ్లు న్యాయమైన, సబబైన షరతులతో, వివక్ష లేకుండా లైసెన్సు ఇస్తామని ముందే మాటిస్తారు. ఆ సబబు ఎంత, దేని మీద అన్నదే గొడవ. 2013లో అమెరికాలో మైక్రోసాఫ్ట్, మోటరోలా కేసు చూడండి. వైఫై, వీడియో పేటెంట్లకు మోటరోలా అడిగిన రేటు లెక్కేస్తే ఏడాదికి 400 కోట్ల డాలర్ల దాకా పోతుంది. జడ్జి తేల్చింది ఏడాదికి సుమారు 18 లక్షల డాలర్లు. అడిగినవాళ్లూ, తేల్చినవాళ్లూ వాడింది ‘సబబు’ అన్న ఆ ఒక్క మాటే!

మన దగ్గర స్వీడన్ టెలికాం కంపెనీ ఎరిక్సన్, ఫోన్లమ్మే మైక్రోమ్యాక్స్ మీద 2013లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. తర్వాత ఇంటెక్స్, లావా. రాయల్టీని చిప్ ధర మీద కాకుండా ఫోన్ మొత్తం ధర మీద లెక్కేయడం దగ్గరే అసలు పేచీ. 2024 మార్చిలో లావా రూ.244 కోట్లు కట్టాలని తీర్పొచ్చింది. మార్కెట్లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే కాంపిటీషన్ కమిషన్ దగ్గరికి పోదామంటే, పేటెంటు లైసెన్సు విషయం పేటెంట్ల చట్టమే చూసుకుంటుంది, కమిషన్ విచారించడానికి లేదని 2023లో హైకోర్టు బెంచి తేల్చేసింది.

మామిడి_మండి (చిత్తూరు):
మందుల కంపెనీ నాట్కోకు క్యాన్సర్ మందు విషయంలో ఇచ్చినట్టు, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా దీనికీ తప్పనిసరి లైసెన్సు ఇచ్చేస్తే పోలా అన్నా?

కోర్టు_రోడ్డు:
అది 2012 సంగతి. అక్కడ మందు నెలకు రూ.2.8 లక్షలు, జనానికి అందలేదు. ఇక్కడ ఫోన్లు ఊరూరా దొరుకుతున్నాయి, లైసెన్సు ఇవ్వబోమని కూడా ఎవరూ అనడం లేదు. తప్పనిసరి లైసెన్సు సెక్షన్ కింద ఇది నిలబడదనే అనుకుంటా.

బోరు_స్టార్టర్:
సరే, ఉచితం సంగతి పక్కన పెడతా. మొత్తం ధర మీద శాతం అంటేనే నాకు మండుతుంది. నా పెట్టె విప్పి చూడండి. కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, ఫేజ్ పోతే మోటారు కాలకుండా ఆపే కార్డు, రాగి వైరు, పౌడర్ కోటింగ్ వేసిన ఇనుప డబ్బా. ఖర్చులో ముప్పావు వంతు వీటికే. 4జీ మాడ్యూల్ అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, అది చేసేపని ఆన్, ఆఫ్, మోటారు ఆగితే ఒక కాల్. రాగి రేటు పెరిగి నేను పెట్టె ధర పెంచితే 4జీ వాడికి రాయల్టీ పెరగాలా? తాతా, ఇది మీకు సబబేనా?

టవరు_తాత:
ఫోన్‌కైతే ఫోన్ ధరే సరి, నెట్‌వర్క్ లేని ఫోన్ ఎవడు కొంటాడు. నీ స్టార్టర్ సంగతి వేరే, ఒప్పుకుంటా. కానీ మాడ్యూల్ ధర మీద అంటే రూపాయో రెండో వస్తుంది, దానికీ నేను ఒప్పుకోను. పెట్టెకు ఇంత అని ఒక ముక్క చెప్పేస్తే సరిపోతుంది.

లైనక్సు_తిరుచానూరు:
కార్లలో అదే జరుగుతోంది కదా. అవాన్సీ అని చాలామంది పేటెంటుదారుల తరఫున లైసెన్సులిచ్చే సంస్థ 4జీకి కారుకు 15 డాలర్లని రేటు బయటపెట్టింది, 2022లో 20 చేసింది. చిన్న కారైనా బెంజ్ అయినా అంతే. ఆ రేటు నాకు ఎక్కువే అనిపిస్తుంది, కానీ కనీసం కనపడుతోంది. ప్రమాణం ఖాయం చేసే రోజే ఇలా రేటు రాసివ్వాలని మన ప్రభుత్వం ఎందుకు అడగదు?

టవరు_తాత:
ఆ రోజుకు ఏది అమ్ముడుపోతుందో ఎవరికీ తెలీదు కాబట్టి. గరిష్ఠం ఇంత అని అడగొచ్చులే.

కోర్టు_రోడ్డు:
విధానం వచ్చేలోగా బోరు అన్న సంతకం పెట్టాలి కదా, పనికొచ్చే ముక్క ఒకటి. 2014 డిసెంబరులో ఎరిక్సన్ కేసులో షావోమీ అమ్మకాలు ఆపేశారు. వారం పదిరోజుల్లోనే, చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లు మాత్రం ఒక్కోదానికి రూ.100 డిపాజిట్ కట్టి అమ్ముకోవచ్చని సడలించారు. క్వాల్‌కామ్‌కు ఎరిక్సన్ లైసెన్సు ఉందన్నదే అక్కడ వాదన. మరుసటి ఏడాది మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్‌లోనూ ఆ చిప్పే.

కాబట్టి మాడ్యూల్ అమ్మినవాణ్ని, లోపలి చిప్‌కు ఎవరి లైసెన్సు ఉందో రాసిమ్మని అడుగు అన్నా. అగ్రిమెంటులో ఆ క్లాజును ‘సరఫరాదారు సొంతంగా డిజైన్ చేసిన భాగాల వరకే’ అని మార్చమను. ఇన్వాయిస్ విలువ మించకుండా పరిమితి కూడా పెట్టించు. ఒప్పుకోకపోతే అగ్రిమెంటు పట్టుకుని ఒకసారి రా, చూద్దాం.

బోరు_స్టార్టర్:
మాడ్యూల్ డీలర్‌కు ఇప్పుడే ఫోన్ చేశా. ‘లైసెన్సా? అదేంది సార్, వారంటీ ఏడాది ఉంది’ అంటాడు.