1971లో మనల్ని గెలిపించింది న్యాయమా, బలమా?

గోదారిగట్టు:
దేశాల మధ్య చివరికి చెల్లేది బలమే అంటాను. 1971 చూడండి. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు మన గడ్డ మీదికొచ్చారు. న్యాయం మనవైపే ఉంది. అయినా డిసెంబరు 7న ఐరాస జనరల్ అసెంబ్లీలో కాల్పులు ఆపాలన్న తీర్మానానికి 104 దేశాలు సై అన్నాయి, కాదన్నవి 11. భద్రతా మండలిలో మనల్ని కాచింది సోవియట్ వీటో. దాని వెనక ఆగస్టు 9న కుదుర్చుకున్న ఒప్పందం ఉంది. అమెరికా తన విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతానికి పంపితే సోవియట్ నౌకలూ వచ్చాయి.

విశాఖతీరం:
అన్నా, సగమే చెప్పారు. ఆ మార్చిలో ఢాకాలో పాక్ సైన్యం ఊచకోత మొదలుపెట్టాక అక్కడి అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సిబ్బంది వాషింగ్టన్‌కు నిరసన తంతి పంపారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ పట్టించుకోకపోగా బ్లడ్‌నే అక్కడి నుంచి తప్పించారు. ఎందుకు? చైనాతో రహస్య మంతనాలకు పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్ మధ్యవర్తి. జులైలో కిసింజర్ బీజింగ్ వెళ్లింది పాకిస్తాన్ మీదుగానే. ఆ దారి కోసం అన్ని ప్రాణాలు పోతున్నా చూస్తూ ఊరుకున్నారు. మీరు మెచ్చుకుంటున్న బల రాజకీయం ఇదే కదా! పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా తీరంలోనే, ఆ గెలుపు మీద గర్వం నాకూ ఉంది. అంతమాత్రాన ఈ పద్ధతినే మంచిదనలేను.

గోదారిగట్టు:
మంచిదని నేనెక్కడన్నాను? బ్లడ్ తంతితో చంపడం ఆగలేదు. డిసెంబరు 16న 93,000 మంది పాకిస్తానీలు లొంగిపోయాక ఆగింది.

పాలమూరు మాస్టారు:
బలం ఎంతుందన్నదొక్కటే చూస్తున్నారు, ఎక్కడ ఆగాలన్నదీ చూడండి. ఢాకా చేతికొచ్చిన మర్నాడే పశ్చిమాన కాల్పులు ఆపాం. 1972 మార్చికల్లా బంగ్లాదేశ్ నుంచి సైన్యం వెనక్కొచ్చేసింది. అలా వచ్చేయబట్టే దాన్ని ఆక్రమణ అనడం కష్టమైంది. 1987లో శ్రీలంకకు వెళ్లిన శాంతి సేనకు బలం తక్కువా? ఎవరి కోసం వెళ్లామో ఆ తమిళుల్లోనే సాయుధ వేర్పాటువాదులైన ఎల్టీటీఈ పులులతో పోరాడాల్సి వచ్చింది, సింహళులూ పొమ్మన్నారు. వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుని 1990లో తిరిగొచ్చాం. నా దృష్టిలో మన విదేశాంగ చరిత్రలో దీనికి మించిన పాఠం లేదు.

విశాఖతీరం:
నిజమే మాస్టారూ. కానీ ఎప్పుడు ఆగాలో తేల్చేదీ బలవంతుడే. 1989లో నేపాల్ చైనా ఆయుధాలు కొన్నదన్న కోపంతో, వాణిజ్య ఒప్పందాల గడువు తీరగానే సరిహద్దు దారులు చాలావరకు మూసేశాం. కిరోసిన్‌కు వరసలో నిలబడింది అక్కడి సామాన్యులు. వాళ్లకు మన 1971 కథ చెప్పి ఒప్పించగలమా?

గోదారిగట్టు:
నేపాల్ విషయంలో మనం చేసింది తప్పే. శ్రీలంక మీద మాస్టారితో ఇంకా వాదించాల్సింది ఉంది, రాత్రికి రాస్తాను.