చివరి పేజీ పోయిన పాత మాంగా: ఏ ముద్రణో తేల్చేదెలా?

జపనీస్ మాంగా (కామిక్స్) సిరీస్ ఒకదాని 3వ సంపుటం ఇది. ముద్రణ సంఖ్య, తేదీ ఉండే చివరి పేజీ (ఒకుజుకె) మొదలంటా చిరిగిపోయింది. జాకెట్ (పుస్తకానికి తొడిగే విడి అట్ట) మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు సంఖ్య) ఉంది, జపాన్‌లో అది మొదలైంది 1981లో, అంటే అంతకు ముందుది కాదు. ధర 360 యెన్‌లు అనే ఉంది, పన్ను ఊసే లేదు. జపాన్‌లో 3 శాతం వినియోగ పన్ను వచ్చింది 1989 ఏప్రిల్‌లో, కాబట్టి అంతకు ముందుదే అనిపిస్తుంది. కానీ జాకెట్‌ను నమ్మలేం, వేరే కాపీది తొడిగి ఉండొచ్చు. కాగితం పసుపు రంగు చూసి లాభం లేదు, ఈ చవక కాగితం ఎండ తగిలితే చాలు మారిపోతుంది. ఇక మిగిలింది లోపలి వెనక పేజీల్లోని ప్రకటన. అందులో ఇదే సిరీస్ 14వ సంపుటం దాకా ఉంది, కాబట్టి తొలి ముద్రణ మాత్రం కాదు. ఇలాంటి ప్రకటనలను ప్రతి పునర్ముద్రణకూ మార్చేవారా, లేక పాతవే కొన్ని ముద్రణల పాటు కొనసాగించేవారా?