హార్మోన్ మాత్రలు వద్దన్నారు, రాత్రి ఆవిర్లు తగ్గడం లేదు

నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగి 14 నెలలైంది. పగలు నాలుగైదు సార్లు ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, వాటిని ఎలాగో నెట్టుకొస్తున్నాను. అసలు బాధ రాత్రిళ్లే. రెండింటికి ఒకసారి, మళ్లీ నాలుగు లోపు ఇంకో రెండుసార్లు ఛాతీ దగ్గర మొదలై మెడ, ముఖం మీదికి సెగలా పాకుతుంది. ఉండేది మూడు నాలుగు నిమిషాలే, కానీ నైటీ తడిసి ముద్దవుతుంది. వెంటనే చలి. ఫ్యాన్ వేయడం, ఆపడంతో మావారికీ నిద్ర లేదు.

టీ నాలుగు నుంచి ఒకటికి తగ్గించాను, అదీ పొద్దున్నే. రాత్రి పచ్చళ్లు, కారం మానేశాను. పగటివి కాస్త నయం, రాత్రివి అలాగే ఉన్నాయి. సబ్జా నీళ్లు, మజ్జిగ తాగినంతసేపే హాయి. సోయా పాలు రెండు నెలలు తాగినా తేడా లేదు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి.

ఆరేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స అయింది, అందుకే డాక్టరమ్మ ఈస్ట్రోజెన్ హార్మోన్ మాత్రలు వద్దన్నారు. బదులుగా వెన్లాఫాక్సిన్ 37.5 మి.గ్రా. రాశారు. మూడు వారాలైనా వికారం తగ్గక, ఆమెతో చెప్పే ఆపాను. ఇప్పుడు పడుకునే ముందు గాబాపెంటిన్ 300 మి.గ్రా. వేసుకోమంటున్నారు. పొద్దున్న ఏడింటికి స్కూటీ మీద బడికి వెళ్లాలి, మత్తుగా ఉంటుందేమోనని టెన్షన్.

రాత్రి ఆవిర్లకు గాబాపెంటిన్ వాడినవాళ్లున్నారా, ఉంటే మీకు ఉదయం మత్తు ఎన్ని రోజులకు తగ్గింది?