పాత ఫ్లాష్ గన్‌ని డిజిటల్ కెమెరా నెత్తిన పెట్టొచ్చా?

తెనాలి కుర్రాడు

మా పెదనాన్న స్టూడియో మూసేసి పదేళ్లు దాటింది. మొన్న అటక దులుపుతుంటే అట్టపెట్టెలో ఐదు ఫ్లాష్ గన్‌లు బయటపడ్డాయి. వాటిలో వివిటార్ 283 ఒకటి, వెనకాల మేడ్ ఇన్ జపాన్ అని ఉంది. కొత్త సెల్స్ వేసినా ముందు ఉలుకూ పలుకూ లేదు. సెల్స్ గదిలో పచ్చగా చిలుము పట్టి ఉంటే దూదిని నిమ్మరసంలో ముంచి తుడిచాను. అప్పుడు సన్నగా కీచుమంటూ మొదలై, నిమిషం తర్వాత రెడీ లైటు వెలిగింది. ఫ్లాష్ కొడితే గదంతా తెల్లారినట్టయింది.

నా కెమెరా నికాన్ డి5600. ఫ్లాష్ కాలి కింద మధ్య చుక్కకీ పక్క రేకుకీ మల్టీమీటర్ పెట్టి చూస్తే 140 వోల్టులు చూపించింది. నికాన్ మాన్యువల్‌లో 250 వోల్టులు దాటకూడదని రాశారు. అంటే పెట్టేయొచ్చుగా? పెదనాన్నేమో "వద్దురా, కెమెరా కాలిపోద్ది" అంటాడు.

కోఠి మెకానిక్

పెట్టేయండి. 250 అని కంపెనీ వాళ్లే రాసినప్పుడు 140కి భయమెందుకు? ఈ భయమంతా తొలినాటి కానన్ డిజిటల్ బాడీల దగ్గర పుట్టింది. వాటికి 6 వోల్టులే అనేవారు. ఆ మాట పట్టుకుని జనం అన్ని కెమెరాలకీ 6 అంటున్నారు. ఫ్యూజీ ఎక్స్ సిరీస్ మాన్యువల్ తీసి చూడండి, అందులో 300 దాకా ఒప్పుకున్నారు.

పాతసరుకు

మెకానిక్ గారూ, అంత ధైర్యం వద్దండీ. నా దగ్గర నలభై ఫ్లాష్‌లున్నాయి, ఒక్కదాన్ని కూడా డిజిటల్ కెమెరా హాట్ షూ (నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడి) మీద పెట్టను.

కుర్రాడికి అసలు సంగతి తెలియాలి కదా, చెప్తాను. ఫిల్మ్ కెమెరాలో ఫ్లాష్‌ని వెలిగించే సింక్ అంటే రెండు రేకులు. షట్టర్ పూర్తిగా తెరుచుకోగానే అవి తాకుతాయి, అంతే. మనింట్లో లైటు స్విచ్చి లాంటిది, 300 వోల్టులొచ్చినా దానికి లెక్కలేదు. అందుకే ఆ రోజుల్లో ఫ్లాష్ తయారీదార్లు ట్రిగ్గర్ సర్క్యూట్‌ని నేరుగా మెరుపుకి కరెంటు దాచుకునే పెద్ద కెపాసిటర్ వోల్టేజీకే తగిలించేశారు. డిజిటల్ కెమెరాలో రేకుల బదులు చిన్న సెమీకండక్టర్ ఉంటుంది. పరిమితి మించితే అది మొదటి దెబ్బకే పోవచ్చు, లేదా వంద దెబ్బలు కాచుకుని నూటొకటోసారి పోవచ్చు. ఆ గొడవ తగ్గించడానికే 1992లో ఐఎస్ఓ 10330 ప్రమాణం వచ్చింది. అందులో 24 వోల్టులే. మీ 283 అంతకు చాలా ముందుది.

ఇంకోటి. మేడ్ ఇన్ జపాన్ అయితే వోల్టేజీ ఎక్కువ, తర్వాత కొరియా, చైనాల్లో చేసినవైతే తక్కువ అంటారు. చాలావరకు నిజమే, కానీ ముద్ర చూసి నమ్మకూడదు. ప్రతి ముక్కా కొలవాల్సిందే.

కోఠి మెకానిక్

కొలిచాడు కదండీ! 140 వచ్చింది. ఇంకేం కావాలి?

కొత్త కెమెరా

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది కానన్ 1500డి. మా బాబాయ్ ఇచ్చిన పాత ఫ్లాష్ పెడితే ఏమీ కాలలేదు, అసలు వెలగనే లేదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం వెలుగుతోంది. కెమెరా పోయిందా అని రాత్రంతా టెన్షన్.

పాతసరుకు

మీ కెమెరాకి ఏమీ కాలేదు. 1500డి హాట్ షూలో మధ్య పిన్నే లేదు, కానన్ తీసేసింది. 3000డి, 200డి మార్క్ 2 కూడా అంతే. పాత ఫ్లాష్‌కి తెలిసింది ఆ మధ్య పిన్ను ఒక్కటే. అదృష్టమో దురదృష్టమో గానీ ఈ చర్చలో మీకు పనిలేదు.

ఈసీఈ వెనక బెంచీ

తెనాలి తమ్ముడూ, నీ మల్టీమీటర్ ఏది? పసుపు రంగు డీటీ830 అయితే ఆ 140ని నమ్మకు.

ఆ మీటర్ లోపలి నిరోధం 1 మెగా ఓమ్ మాత్రమే. ఫ్లాష్ ట్రిగ్గర్ దారిలో కూడా దాదాపు అంతే రెసిస్టర్ ఉండొచ్చు. అంటే రెండు సమానమైన రెసిస్టర్లు వరసలో పెట్టి ఒకదాని మీద కొలుస్తున్నావు. సగమే కనిపిస్తుంది. చెరువు లోతు కొలవడానికి బిందెతో నీళ్లు తోడేసి కొలిచినట్టు! 10 మెగా ఓమ్‌ల మీటర్ సంపాదించు. డీసీ 1000 వోల్టుల రేంజిలో పెట్టి, రెడీ లైటు వెలిగాక ఇంకో అర నిమిషం ఆగి చూడు. వేళ్లు మాత్రం దూరంగా.

కోఠి మెకానిక్

ఇదంతా పుస్తకాల లెక్క. తేడా వస్తే పదో ఇరవయ్యో వస్తుంది.

తెనాలి కుర్రాడు

అన్నా, పసుపుదే. గుజరాతీ గల్లీలో కొన్నాను. ఇవాళ మా కాలేజీ ల్యాబ్‌లో మంచి మీటర్‌తో కొలిచాను. 255.

ఈసీఈ వెనక బెంచీ

లెక్క కుదిరింది. 1 మెగా ఓమ్ మీటర్‌తో 140, 10 మెగా ఓమ్‌లతో 255 వచ్చాయంటే లోపలి రెసిస్టర్ ఇంచుమించు 1 మెగా ఓమ్, అసలు వోల్టేజీ 280 చిల్లర. నికాన్ గీత దాటేసింది.

కోఠి మెకానిక్

ఒప్పుకుంటున్నా. మీటర్ సంగతి నాకు తట్టలేదు. నా బెంచి మీద ఉన్నదీ పసుపుదే మరి. అయితే దారి ఉంది: లోపల ఒక ఎస్సీఆర్ (చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చి) పెడితే షూ దగ్గర 5, 6 వోల్టులే కనిపిస్తాయి. పార్టులు వంద రూపాయల లోపే. పంపించండి, చేసిస్తా.

పాతసరుకు

అదిగో, మొదలైంది! పెట్టెలో ఇన్నేళ్లూ ఒక్క స్క్రూ కదలకుండా ఉన్న 283ని విప్పించి వైర్లు కత్తిరిస్తారా? వోల్టేజీ తగ్గించే అడాప్టర్లు ఉన్నాయి. వైన్ సేఫ్ సింక్ అని షూకీ ఫ్లాష్‌కీ మధ్య పెట్టేది ఉంది, ఫ్లాష్ జోలికి పోనక్కర్లేదు. పైగా తమ్ముడు సొంతంగా విప్పుతాడేమోనని నా భయం. 330 వోల్టుల దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందనుకో, అందులో 54 జౌల్స్ ఉంటాయి. సెల్స్ తీసేశాక కూడా! స్క్రూడ్రైవర్ తగిలితే మొన కరిగిపోతుంది.

కోఠి మెకానిక్

వాడని వస్తువు వస్తువే కాదండీ. అటక మీద పెట్టుకుని పూజ చేయడానికా? పైగా నెలల తరబడి ఛార్జి చేయకపోతే ఆ కెపాసిటరే చెడుతుంది. మీ నలభైలో ఎన్ని వెలుగుతాయి?

పాతసరుకు

ముప్పై ఒకటి. మూడు నెలలకోసారి సెల్స్ వేసి, రెడీ లైటు వెలిగాక కాసేపు అలాగే ఉంచి, నాలుగుసార్లు కొడతాను. తొమ్మిది పోయినవే, ఒప్పుకుంటాను.

పెళ్లిళ్ల ఫొటో

ఇంత తతంగం దేనికి బాబూ? కొత్త చైనా ఫ్లాష్ కొనుక్కుంటే టీటీఎల్ (వెలుతురు ఎంత కావాలో కెమెరానే కొలిచి ఫ్లాష్‌కి చెప్పడం) వస్తుంది, వైరు లేకుండా వెలిగించే రేడియో ట్రిగ్గర్ లోపలే ఉంటుంది. నాకు రాత్రి ముహూర్తాల్లో పాత సామానుతో ప్రయోగాలు చేసే తీరిక లేదు.

పాతసరుకు

ముహూర్తానికి మీ మాటే రైటు. కానీ 283 ముందున్న ఆ చిన్న సెన్సర్ చేసే పని చూడండి. వస్తువు మీద పడి తిరిగొచ్చిన వెలుతురు చాలనుకోగానే తనంతట తనే ఆపేస్తుంది. కెమెరాతో మాటే అక్కర్లేదు. కెమెరా ఐఎస్ఓకి (వెలుతురుని పట్టే సున్నితత్వానికి) తగ్గట్టు డయల్ తిప్పి, అది చెప్పిన ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే కొలత) కెమెరాలో పెట్టుకుంటే సరి. ఆటో వద్దంటే గైడ్ నంబరు ఉండనే ఉంది, దాన్ని దూరంతో భాగిస్తే ఎపర్చర్ వస్తుంది: ఐఎస్ఓ 100కి మీటర్లలో 36. మనిషి నాలుగు మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్9. నోటి లెక్క.

తెనాలి కుర్రాడు

ఇద్దరి మాటా కొంత కొంత విన్నాను. విప్పలేదు, షూ మీదా పెట్టలేదు. ఆప్టికల్ స్లేవ్ (ఇంకో ఫ్లాష్ మెరుపు చూసి తనకి తగిలించిన ఫ్లాష్‌ని వెలిగించేది) కొన్నాను. 283 పక్కనున్న సాకెట్ మామూలు పీసీది (ఫ్లాష్ సింక్ వైరుది) కాదట, వివిటార్ సొంత వైరే కావాలి. అందుకే పైన హాట్ షూ ఉన్న స్లేవ్ తీసుకుని ఫ్లాష్‌ని దాని మీద నిలబెట్టాను.

మొదట పదిసార్లు కొట్టినా ఫొటోలో వెలుతురు లేదు, కళ్లముందు మాత్రం వెలుగుతోంది. కెమెరా ఫ్లాష్ ఫొటోకి ముందు వెలుతురు కొలవడానికి కొట్టే టీటీఎల్ ముందస్తు మెరుపుకే స్లేవ్ తొందరపడుతోందని తర్వాత తెలిసింది. డి5600 సొంత ఫ్లాష్‌ని మాన్యువల్‌లో 1/32కి తగ్గించి, షట్టర్ 1/200 పెట్టగానే కుదిరింది. కిటికీ పక్కన పెదనాన్నని కూర్చోబెట్టి తీశాను. "స్టూడియోలో ఇంత బాగా రాలేదురా" అన్నాడు.

ఇంకో సందేహం. మిగతా నాలుగింటిలో పేరు చెరిగిపోయిన చిన్నది ఒకటుంది. మంచి మీటర్‌లో 18 వోల్టులే, కానీ ముందు మైనస్ గుర్తు వస్తోంది. వైర్లు తిప్పి పెట్టానేమోనని మూడుసార్లు చూశాను, ఎర్రది మధ్య చుక్క మీదే ఉంది. 18 తక్కువే కదా, దీన్ని షూ మీద పెట్టొచ్చా?

కోఠి మెకానిక్

ఈసారి నేనే చెప్తున్నా, వద్దు. నీ నికాన్ మాన్యువల్‌లో 250 అని ఉన్న వాక్యంలోనే మైనస్ వోల్టేజీ గురించి కూడా ఉంది, మళ్లీ చదువు.