విరామం లేని రచనలో చివరి ఘట్టానికి వచ్చేసరికి కుడిచేయి బిగిసిపోతోంది

ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్ 1863లో వయొలిన్ విద్వాంసుడు సరసాతె కోసం వయొలిన్, ఆర్కెస్ట్రాలకు రాసిన ‘ఇంట్రడక్షన్ అండ్ రొండో కాప్రిచ్చియోసో’ను, ఆర్కెస్ట్రా భాగాన్ని స్వరకర్త బిజే పియానోకు మార్చిన రూపంతో సాధన చేస్తున్నాను. నిదానంగా సాగే తొలిభాగమూ, 6/8 తాళంలో పదేపదే తిరిగొచ్చే రొండో ఇతివృత్తమూ బాగానే వస్తున్నాయి. చిక్కంతా చివర్లోనే: వయొలిన్ ఒంటరిగా వాయించే బహుతంత్రీ స్వరగుచ్ఛాలు (పలు తీగలపై కలిపి పలికించే స్వరాలు) ముగిసి, ఎ మేజర్‌లో వేగం పెరిగే కోడా (ముగింపు భాగం) మొదలైన ఏడెనిమిది సెకన్లకే నా కుడి ముంజేయి బిగుసుకుని, కమాను రెండు తీగలను ఒకేసారి తాకుతోంది.

కోడాను విడిగా వాయిస్తే, నేను అనుకున్న తుది వేగంలో 90 శాతం వరకు శుభ్రంగానే పలుకుతుంది. మొత్తం రచనను తొమ్మిది నిమిషాలపాటు ఏకధాటిగా వాయించినప్పుడు మాత్రం 75 శాతానికే తడబడుతున్నాను. కన్చెర్టోలా (ఆర్కెస్ట్రాతో ఒక వాద్యం వాయించే పెద్ద రచన) మూడు విడి భాగాలుంటే మధ్యలో చేయి దించుకునే వీలుంటుంది, ఇక్కడ అదీ లేదు.

మూడు వారాలుగా లయ చూపే పరికరమైన మెట్రోనోమ్‌తో రోజుకు రెండు శాతం చొప్పున వేగం పెంచి చూశాను, కమానుకు బిగువు తగ్గించాను, పియానో ఒక్కటే మోగే చోట్ల భుజాన్ని వదులు చేశాను. చిటికెనవేలు కమాను మీద కర్రలా నిటారుగా బిగుసుకోవడం అద్దంలో కనిపించింది గానీ, దాన్ని వంచి ఉంచినా గుచ్ఛాల దగ్గర మళ్లీ అదే తంతు.

ఈ రచనను వేదికపై పూర్తిగా వాయించినవారు, ఆ స్వరగుచ్ఛాల నుంచి కోడాలోకి ఆగకుండా వెళ్లేటప్పుడు కుడిచేతి బిగువును ఏ స్వరం దగ్గర, ఎలా సడలిస్తారో చెప్పగలరా?